మజిలీలా, మకామా?

తెలుగువారి ప్రయాణపు మాటల్లో మజిలీ, మకాం అనేవి రెండూ అరబ్బీలో పుట్టి ఉర్దూ మీదుగా వచ్చి స్థిరపడినవే అయినా, వాటి అర్థాలు ఒకటి కావు. మజిలీ అంటే సాగుతున్న దారిలో ఒక పూటకో ఒక రాత్రికో ఆగే చోటు. తెల్లవారేసరికి మూట మళ్లీ కట్టవలసిందే. మకాం అంటే సామాను విప్పి, పొయ్యి వెలిగించి, చుట్టుపక్కల పనులన్నీ అక్కడినుంచే చక్కబెట్టుకుంటూ కొన్నాళ్లు నిలిచే బస. కుటుంబంతో విదేశానికి వెళ్లేవారు రోజుకో ఊరు మారకుండా, ఒకటి రెండు నగరాలను మకాముగా ఎంచుకుని, పగలు దగ్గరి ఊళ్లకు వెళ్లి రాత్రికి అదే గదికి తిరిగిరావడం మేలని ఇటీవల పలువురు చెప్తున్న పద్ధతికి ఆధారమంతా ఈ తేడాలోనే ఉంది. దానిని కొత్త విద్యగా పరిచయం చేయడం సరికాదు. మాట పాతదైనట్టే పని కూడా పాతదే.

ఆ పాతదనాన్ని చూడడానికి ఉత్తర చెన్నైలోని వాషర్‌మెన్‌పేట్ తగిన చోటు. తమిళంలో వణ్ణారపేట్టై, తెలుగులో చాకలిపేట అయిన ఈ పేట, ఈస్టిండియా కంపెనీ ఎగుమతి చేసే నూలుబట్టలను ఉతికి చలువచేసేవారు స్థిరపడడంతో ఏర్పడింది. ఇక్కడి ఎం.సి. రోడ్డులో నేటికీ గుడ్డల వ్యాపారమే ప్రధానం; ఇక్కడి కళాశాల, జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మోస్తోంది. నెల్లూరు, చిత్తూరు వైపునుంచి వచ్చే బంధువులకు చాకలిపేటలోని తమవారి ఇల్లే మకాం. వాళ్లు వచ్చి నాలుగైదు రోజులుండి, ఒకనాడు కంచికి, ఒకనాడు తిరుత్తణికి, ఒకనాడు మహాబలిపురానికి వెళ్లి, ప్రతిరాత్రీ అదే ఇంటికి చేరి, అదే చాపమీద పడుకుని, మర్నాడు ఓపిక లేకపోతే ఎక్కడికీ వెళ్లకుండా ఊరుకుంటారు. ఆ మూడు ఊళ్లలో ఏదీ వంద కిలోమీటర్ల దూరం లేదు. మకాం పద్ధతికి కావలసిన లక్షణాలన్నీ, అంటే తెలిసిన పడక, దగ్గరి దూరం, మానుకునే స్వేచ్ఛ, ఈ ఇంటి అలవాటులోనే ఉన్నాయి.

శాస్త్రగ్రంథాల్లో ఎదుటివారి వాదాన్ని ముందుగా, దాని బలమంతటితో చెప్పడాన్ని పూర్వపక్షం అంటారు. దానికి సమాధానం చెప్పి నిలబెట్టేది సిద్ధాంతం. ఆ మర్యాదను అనుసరించి, చాకలిపేట ఇళ్లలో వినిపించే రెండు పక్షాలకు ఇక్కడ ఇద్దరు కల్పిత వ్యక్తుల రూపం ఇవ్వడమైనది. ఒకరు ఎం.సి. రోడ్డులో గుడ్డల దుకాణం నడిపి విశ్రాంతి తీసుకుంటున్న మేనమామ. గ్రూప్ టూరుల్లో రెండుసార్లు విదేశం చూసి వచ్చినవారు. రెండవవారు ఉద్యోగం చేస్తున్న మేనకోడలు. పన్నెండేళ్ల కొడుకు, ఏడేళ్ల కూతురు ఉన్నవారు. డిసెంబరులో బడులకు ఇచ్చే అర్ధసంవత్సరపు సెలవుల్లో పది రోజులపాటు శ్రీలంకకు వెళ్లాలన్నది ఇద్దరికీ సమ్మతమే. ఆ యాత్రలో మేనమామ తల్లి, అంటే మేనకోడలికి అమ్మమ్మ, డెబ్బై నాలుగేళ్ల వృద్ధురాలు కూడా ఉండడం వల్లనే వివాదం పుట్టింది.

మేనమామ: అమ్మాయీ, సముద్రం దాటి వెళ్లేది మన ఇళ్లలో జీవితానికి ఒకసారో రెండుసార్లో. వెళ్లినప్పుడు చూడగలిగినంత చూసి రావాలి గాని, ఒక ఊళ్లో కూర్చుని గోడలు చూసి రావడానికి అంత దూరం దేనికి? ప్యాకేజీలో అయితే కొలంబో, క్యాండీ, నువరేలియా, సిగిరియా, అనురాధపురం, గాల్ అన్నీ ఎనిమిది రోజుల్లో తిప్పి చూపిస్తారు. వేళకు బస్సు వస్తుంది, లగేజీ వాళ్లే మోస్తారు, సాంబారన్నం పెట్టే మనిషి వెంట ఉంటాడు, ఖర్చెంతో బయలుదేరకముందే తెలుస్తుంది. అమ్మకు చేయవలసినది బస్సెక్కి కూర్చోవడం ఒక్కటే.

మేనకోడలు: మామయ్యా, ఆ కూర్చోవడమే అమ్మమ్మకు కష్టం. ఎనిమిది రోజుల్లో ఆరు ఊళ్లంటే అయిదుసార్లు గది మారాలి. చాలా హోటళ్లు పగలు పదకొండు, పన్నెండు గంటల మధ్య గది ఖాళీ చేయమంటాయి; రెండు గంటలకు ముందు కొత్త గది ఇవ్వవు. మూట కట్టడం, దించడం, దారి, ఎదురుచూపు కలిపితే మారిన ప్రతిసారీ సగం పగలు పోతుంది. అయిదు మార్పులకు రెండున్నర రోజులు. అంటే ఎనిమిది రోజులకు డబ్బు కట్టి అయిదున్నర రోజులే చూస్తాం. ఆ అయిదున్నర రోజుల్లోనూ రోజూ తెల్లవారుజామున పిల్లలను నిద్ర లేపాలి.

మేనమామ పక్షం తేలికగా తోసివేయదగినది కాదు. జీవితమంతా గజంబద్ద పట్టి లెక్క చూసిన వ్యాపారి, ఖర్చుకు ఎంత సరుకు వస్తుందని అడగడం సహజమే కాక న్యాయం కూడా. అయితే ప్రయాణంలో సరుకు ఏదన్న ప్రశ్న దగ్గర ఆ లెక్క తడబడుతుంది. చూసిన ఊళ్ల సంఖ్యను సరుకుగా కొలిస్తే ప్యాకేజీదే గెలుపు; మెలకువతో, ఓపికతో, నలుగురూ కలిసి చూసిన గంటలను కొలిస్తే మేనకోడలి లెక్కకు జవాబు దొరకదు. మేనమామ ఆ చిక్కును గ్రహించి, వాదాన్ని చరిత్ర వైపు మళ్లించారు.

మేనమామ: మన పెద్దలు కాశీకి వెళ్లినప్పుడు దారి పొడవునా మజిలీలు చేసుకుంటూనే వెళ్లారు గాని, ఎక్కడా సుఖంగా కూర్చోలేదు. మన పక్కపేటవారు ఏనుగుల వీరాస్వామయ్యగారిని చూడు. ఆయన పుస్తకమంతా మజిలీల పట్టికే కదా?

ఇక్కడ వీరాస్వామయ్య ప్రసక్తి రావడం కేవలం ఊరి అభిమానం వల్ల కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే న్యాయస్థానంలో ఒకరి భాషను మరొకరికి వివరించే అధికారిగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం విడిచి, నేటి తండయార్‌పేట అయిన తండయారువేడు మీదుగా మాధవరం దారిన బయలుదేరి, తిరుపతి, హైదరాబాదు, నాగపూరు, ప్రయాగ, కాశీ, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. కుటుంబసభ్యులు, సేవకులు, బోయీలు కలిపి సుమారు నూరుమంది ఆయన వెంట నడిచారు. దారిలో ఆయన రాసి పంపిన వివరాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లై సంకలనం చేయగా, రచయిత మరణించిన తర్వాత 1838లో అవి కాశీయాత్ర చరిత్ర పేరుతో అచ్చయ్యాయి. తండయార్‌పేట నుంచి చాకలిపేటకు నడిచి పోవచ్చు. కుటుంబంతో దూరప్రయాణం ఎలా చేయాలో తెలుగులో ఇంత వివరంగా రాసిన తొలితరం మనిషి ఈ వీధులకు పొరుగువాడే.

మేనకోడలు: మజిలీల పట్టికే, మామయ్యా. కాని ఆ పట్టికలో ఆయన ఏం రాశారో కూడా చూడాలి. ఈ ఊళ్లో నీళ్లెలా ఉన్నాయి, దిగడానికి చోటుందా, సరుకులన్నీ దొరుకుతాయా, దారి ఇసుకా రాయా అని ప్రతి చోటా రాశారు. దేవాలయం ఎంత గొప్పదన్నది ఒక్కటే రాసి ఊరుకోలేదు. వెంట ఆడవాళ్లు, పెద్దవాళ్లు ఉన్న మనిషి చూసే చూపు అది. పైగా కాశీ వంటి పెద్ద క్షేత్రం చేరాక ఆయన తెల్లవారగానే మూట కట్టలేదు; రోజుల తరబడి నిలిచిపోయారు.

మేనమామ: ఆయనకు పదిహేను నెలలు చేతిలో ఉన్నాయి, పల్లకీ మోసేవాళ్లున్నారు. నీకున్నవి పది రోజులు. నిలిచిపోవడానికి తీరిక ఎక్కడిది?

మేనకోడలు: తీరిక తక్కువైనకొద్దీ దారి ఖర్చు తగ్గించుకోవాలి కదా. పదిహేను నెలలున్నవారికి ఒక రోజు పోతే పోయింది. పది రోజులున్నవారికి సగం రోజు కూడా విలువైనదే.

ఈ మాటకు మేనమామ వెంటనే బదులు చెప్పలేదు. నిజానికి ఇద్దరి మాటా వీరాస్వామయ్య విషయంలో కొంతవరకు సరిపోతుంది. క్షేత్రాల మధ్య దూరం గడవడానికి ఆయనకు మజిలీ కావలసి వచ్చింది, క్షేత్రాన్ని తనివితీరా సేవించడానికి మకాం కావలసి వచ్చింది. విమానం అలాంటి దూరాలను గంటలకు కుదించిన తర్వాత, మజిలీకి ఉన్న అవసరం చాలావరకు తీరిపోయింది. మజిలీల అలవాటు మాత్రం ప్యాకేజీల్లో మిగిలింది.

ఆ తర్వాత మేనకోడలు తన పథకాన్ని వివరించారు. విమానాశ్రయం కొలంబోలో కాక, దానికి ఉత్తరాన సుమారు ముప్ఫై కిలోమీటర్ల దూరంలో ఉన్న కటునాయకలో ఉన్నందువల్ల, రాజధానిలోకి వెళ్లకుండానే అక్కడినుంచి కొండదారిన మూడు గంటలపాటు ప్రయాణించి క్యాండీ చేరవచ్చు. అక్కడ అయిదు రాత్రులు మొదటి మకాం. దక్షిణతీరంలోని గాల్‌లో మూడు రాత్రులు రెండవ మకాం. తిరుగు విమానానికి ముందురాత్రి, విమానాశ్రయానికి దగ్గరగా ఉన్న నెగొంబోలో ఒక్క రాత్రి. పది రోజుల్లో గది మారేది రెండుసార్లే.

మేనమామ: క్యాండీలో అయిదు రాత్రులా? అక్కడ ఉన్నది ఒక గుడి, ఒక చెరువు. ప్యాకేజీవాళ్లు అరపూటలో చూపించేస్తారు.

మేనకోడలు: ఆ గుడిలో రోజుకు మూడు పూటలు పూజ జరుగుతుంది మామయ్యా. అరపూటలో చూసేది ఆ మూడింటిలో ఒక్కటే, అదీ అందరూ తోసుకునే వేళ. గుడికి నడిచిపోయే దూరంలో బస చేస్తే అమ్మమ్మ తెల్లవారుజాము పూజకు వెళ్లవచ్చు. పిల్లలు నిద్రలేచాక సాయంత్రం పూజకు వెళ్లవచ్చు. ఇక ఆ చెరువు ఎవరు తవ్వించారో తెలుసా?

దళదా మాళిగ అని పిలిచే ఆ ఆలయంలో బుద్ధుని దంతధాతువును భద్రపరిచి పూజిస్తారు. దాని ముందరి చెరువును 1807లో నిర్మింపజేసినవాడు క్యాండీ చివరి రాజైన శ్రీ విక్రమ రాజసింహుడు. 1739లో వీర నరేంద్రసింహుడు పట్టానికి వారసుడు లేకుండా మరణించగా, ఆయన పట్టమహిషి సోదరుడు శ్రీ విజయ రాజసింహుడు గద్దెనెక్కాడు. మధురను ఏలిన తెలుగు నాయకరాజుల బంధువర్గం నుంచి వచ్చిన ఈ వంశాన్ని చరిత్రలో క్యాండీ నాయకర్ వంశం అంటారు. వీరిలో రెండవవాడైన కీర్తి శ్రీ రాజసింహుని కాలంలోనే, 1753లో, సయాం నుంచి భిక్షువులను రప్పించి సింహళంలో తెగిపోయిన ఉపసంపదను, అంటే భిక్షువుగా పూర్ణదీక్ష ఇచ్చే పరంపరను, తిరిగి నెలకొల్పారు. 1815లో ఆంగ్లేయులు రాజ్యాన్ని స్వాధీనం చేసుకుని విక్రమ రాజసింహుణ్ని వేలూరు కోటకు తరలించగా, ఆయన అక్కడే 1832 జనవరి 30న కన్నుమూశాడు. వీరాస్వామయ్య చెన్నపట్నం విడిచిన నాటికి ఆ రాజు ఇంకా వేలూరులో బతికే ఉన్నాడు. దక్షిణదేశపు తెలుగు రాజబంధువులు సింహళంలో బౌద్ధాన్ని పోషించిన ఈ కథను ఒక పిల్లవాడికి చెప్పడానికి చెరువుగట్టు మీద ఒక తీరికైన సాయంత్రం కావాలి. బస్సు కిటికీలోంచి వేలితో చూపిస్తే అది అందదు.

మేనమామకు ఈ చరిత్ర నచ్చినా, పథకం పూర్తిగా నచ్చలేదు.

మేనమామ: సరే, చేరిన రోజు గుడికి. మిగిలిన రోజులు?

మేనకోడలు: ఒకరోజు పెరదెనియ తోట. క్యాండీకి ఆరు కిలోమీటర్లే. మహావెలి నది మూడు వైపులా చుట్టి వస్తుంది, సుమారు నూట నలభై ఏడు ఎకరాలు. పొద్దున వెళ్లి, చెట్లకింద కూర్చుని, ఎండెక్కకముందే తిరిగివచ్చి, భోజనం చేసి పడుకోవచ్చు. ఒకరోజు దంబుల్ల గుహలు. ఒకరోజు సిగిరియా. ఒకరోజు ఖాళీ.

మేనమామ: అక్కడే నీ పద్ధతి కుంటుతోంది అమ్మాయీ. సిగిరియా క్యాండీకి తొంభై కిలోమీటర్లు. మలుపుల రోడ్డు, ఊళ్ల మధ్యనుంచి పోవాలి. పోను రెండున్నర, మూడు గంటలు, రాను అంతే. మధ్యలో ఆ బండ ఎక్కడానికి సుమారు పన్నెండు వందల మెట్లు. ఇది రోజు యాత్రా? ప్యాకేజీవాళ్లయితే ఆ రాత్రి దగ్గరలోనే పడుకోబెట్టి, పొద్దున చల్లని వేళ ఎక్కిస్తారు. ఇక్కడ వాళ్లదే తెలివి.

ఈ ఆక్షేపణ సరైనదే. మకాం పద్ధతిని సమర్థించేవారు తరచూ పటంలో మకాం చుట్టూ ఒక వలయం గీసి, దానిలో పడ్డ ప్రతి ఊరినీ ఒక్కరోజులో వెళ్లి రాగలిగినదిగా లెక్కవేస్తారు. దూరాన్ని కిలోమీటర్లలో కొలవడం వల్ల ఈ పొరపాటు జరుగుతుంది. కొండదేశంలో తొంభై కిలోమీటర్లు, మైదానంలోని తొంభై కిలోమీటర్లు ఒకటి కావు. పైగా రైలులో కూర్చున్న గంటను, వ్యానులో కుదుపులు తిన్న గంటను వృద్ధుల నడుము ఒకేలా లెక్కపెట్టదు. ఇంతకంటే నమ్మదగిన కొలత ఒకటుంది: పోను రాను పట్టే కాలం, అక్కడ గడిపే కాలాన్ని మించితే ఆ ఊరికి ఒక్కరోజు యాత్ర తగదు. ఆ ఊరు తప్పనిసరి అయితే ఒక రాత్రి అక్కడే పడుకోవాలి, లేదా దానిని వదులుకోవాలి. ఈ కొలతకు పెరదెనియ సులభంగా నిలుస్తుంది, డెబ్బై కిలోమీటర్ల చిల్లర దూరంలో ఉన్న దంబుల్ల అంచున నిలుస్తుంది, సిగిరియా నిలవదు.

మేనకోడలు: ఒప్పుకుంటున్నాను మామయ్యా. సిగిరియా ఒక్కరోజులో అందరికీ కుదరదు. కాని అందరూ వెళ్లాలని ఎవరన్నారు? పిల్లవాడికి పన్నెండేళ్లు, ఆ బండ ఎక్కాలని వాడికే కోరిక. వాళ్ల నాన్న వాణ్ని తీసుకుని తెల్లవారుజామున వ్యానులో వెళ్తారు. పాప, అమ్మమ్మ, మిగిలినవాళ్లు క్యాండీలోనే ఉంటారు. ప్యాకేజీలో ఇది సాధ్యమా? అక్కడ అమ్మమ్మ బండ కింద బస్సులో మూడు గంటలు కూర్చోవాలి.

సంవాదంలో నిర్ణాయకమైన మాట ఇదే. గది మారని కుటుంబం పగలు రెండుగా చీలగలదు, రాత్రికి కలుసుకోగలదు. గది మారే కుటుంబం ఎప్పుడూ కలిసే కదలాలి, కాబట్టి ప్రతి పూటా అందరిలో నెమ్మదైన మనిషి అలసిపోతుంది, చురుకైన మనిషి విసిగిపోతుంది. జబ్బు చేసినప్పుడూ ఇదే తేడా. పాపకు ఒకరోజు జ్వరం వస్తే మకాంలో ఆ రోజు పోతుంది, అంతే; మజిలీల వరుసలో ఉన్నప్పుడు జ్వరంతోనే బస్సెక్కించాలి, లేదా ముందు కట్టిన గదులన్నింటి డబ్బూ వదులుకోవాలి. వానల్లో కొండచరియలు విరిగి రోడ్డో రైలుదారో మూసుకుపోవడం లంక కొండల్లో అరుదు కాదు. అలాంటప్పుడు మకాంలో ఉన్నవారు రేపటి పనిని ఎల్లుండికి మార్చుకుంటారు.

మేనమామ ఇక తిండి ప్రశ్న ఎత్తారు. చాకలిపేట ఇళ్లలో విదేశయాత్రలు ఆగిపోయేది వీసా దగ్గర కాదు, తిండి దగ్గర. అందుచేత దీనిని చిన్న విషయంగా చూడడం తగదు.

మేనమామ: అమ్మ నీచు తాకిన గిన్నె కూడా ముట్టుకోదు. అక్కడ దేనిలో ఏం వేస్తారో ఎవరికి తెలుసు?

మేనకోడలు: అందుకే వంటగది ఉన్న బస తీసుకుందామన్నది. చిన్న కుక్కరు, కందిపప్పు, చారుపొడి, ఊరగాయ వెంట ఉంటాయి. బియ్యం, కొబ్బరి, కూరలు అక్కడ దొరకనివి కావు. రాత్రిపూట ఇంటి అన్నం తింటే పగలు బయట ఏదో ఒకటి సర్దుకోవచ్చు. రోజూ ఊరు మారుతుంటే కుక్కరు పెట్టెలోంచి బయటికే రాదు.

లంక భోజనం శాకాహారులకు శత్రువు కాదు. అక్కడ పరిప్పు అనే పప్పు, ఇడియాప్పం, ఆప్పం, కొబ్బరిపాల కూరలు విరివిగా ఉంటాయి. అరటికాయ, పనసకాయ కూరలు తెలుగు నాలుకకు కొత్త కాదు. అయితే పోల్ సంబోల్ అనే కొబ్బరి పచ్చడిలో ఉంబలకడ కలపడం అక్కడి అలవాటు. ఉంబలకడ అంటే ఎండబెట్టిన చేప; దానిని దంచి వేస్తారు. ఎర్రని మిరపపొడి, కొబ్బరి కోరు మధ్య అది కంటికి ఆనదు. పచ్చడి చూడగానే చేయి చాచే తెలుగువారు ముందుగా అడిగి తెలుసుకోవలసినది ఇదే. ఒకే వీధిలో అయిదు రోజులున్న కుటుంబానికి, రెండవ రోజుకల్లా అడిగితే విసుగు లేకుండా జవాబు చెప్పే దుకాణం ఒకటి దొరుకుతుంది. మూడవ రోజుకు అడగకముందే ఆ దుకాణదారు ఉంబలకడ లేని గిన్నె వైపు చూపిస్తాడు.

ఖర్చు విషయంలో మాత్రం మేనమామదే పైచేయి అయింది.

మేనమామ: ఒకే గదిలో అయిదు రాత్రులుంటే ఖర్చు తగ్గుతుందని ఎవరో చెప్పినట్టున్నారు నీకు. ప్యాకేజీలో నలభైమందికి ఒక బస్సు. నీకు రోజూ వేరే వ్యాను, వేరే డ్రైవరు. లెక్క కట్టి చూశావా?

మేనకోడలు: చూశాను. తగ్గదు మామయ్యా. కొంచెం ఎక్కువే అవుతుంది. ఖాళీ రోజున, గుడికి వెళ్లేటప్పుడు వ్యాను అక్కర్లేదు కాబట్టి మరీ ఎక్కువ కాదు.

ఈ నిజాయితీ అవసరమైనదే. నెమ్మది యాత్ర ఎప్పుడూ చవకని చెప్పేవారు, ఒంటరిగా బస్సుల్లో తిరిగే యువకుల లెక్కను కుటుంబాలకు అంటగడుతున్నారు. వృద్ధులు, పిల్లలు ఉన్న కుటుంబానికి మకాం పద్ధతి ఇచ్చేది పొదుపు కాదు. ఖర్చుపెట్టిన డబ్బుకు తగిన విశ్రాంతి. అది చాలా, చాలదా అన్నది ప్రతి ఇల్లూ తేల్చుకోవలసిన విషయం. అంత డబ్బు లేని ఇల్లు పది రోజులను ఆరుకు కుదించి, గాల్ వదిలి, క్యాండీ ఒక్కదానితో తృప్తిపడితే నష్టమేమీ లేదు.

మేనమామ: ఇంకొక్కటి. అయిదు రాత్రులకు డబ్బు కట్టాక ఆ బస బాగాలేకపోతే? ప్యాకేజీలో ఒక చెడ్డ హోటలు ఒక్క రాత్రితో పోతుంది. నీ పద్ధతిలో సగం యాత్ర పోతుంది.

మేనకోడలు: మొదటి రెండు రాత్రులు ఖాయం చేసి, మిగిలిన మూడు ఉచితంగా రద్దు చేసుకునే షరతుతో తీసుకోవాలి. చేరిన రాత్రే చూసుకుని, బాగాలేకపోతే మర్నాడే మార్చాలి.

రద్దు షరతులో గడువు తేదీ ఒకటి ఉంటుందనీ, అది ఎక్కువగా బస మొదలయ్యే రోజుకు ముందే ముగుస్తుందనీ ఇక్కడ చేర్చడం మంచిది. అందుచేత ఆ మూడు రాత్రులను విడి బుకింగుగా తీసుకుని, గడువు ఏనాటికి ముగుస్తుందో చదివితేనే ఈ ఉపాయం పనిచేస్తుంది. తేదీలు ఎంచుకునేటప్పుడు అక్కడి పండుగలనూ చూసుకోవాలి. లంకలో పున్నమిని పోయ అంటారు. ఆ రోజు ప్రభుత్వ సెలవు. ఆలయాలు కిక్కిరిసి ఉంటాయి, చాలా దుకాణాలు మూతపడతాయి. జూలై, ఆగస్టు నెలల్లో క్యాండీలో జరిగే ఎసల పెరహెర ఊరేగింపు రోజుల్లో గదులు దొరకడం కష్టం. వీసా నిబంధనలు తరచూ మారుతున్నందువల్ల బయలుదేరే ముందు ఆ దేశ ప్రభుత్వపు వెబ్‌సైటునే చూడాలి.

ఇదే పద్ధతిని దూరదేశాలకు అన్వయించినప్పుడు మరికొన్ని లాభాలు కనబడతాయి. యూరప్‌లో ఒకే వీసాతో తిరగడానికి వీలిచ్చే దేశాల కూటమిని షెంగెన్ అంటారు. అనేక దేశాలు చూడదలచినవారు ఎక్కువ రోజులు ఉండే దేశపు కార్యాలయంలోనే దరఖాస్తు చేయాలన్నది దాని నియమం. మకాం స్థిరంగా ఉన్నవారికి ఈ నియమంలో సందిగ్ధం ఉండదు. వియన్నాలో మకాం పెట్టినవారు గంట రైలు ప్రయాణంతో పొరుగుదేశ రాజధాని బ్రాటిస్లావా చూసి రాత్రికి తిరిగిరావచ్చు. జపాన్‌లోని క్యోటోలో ఉన్నవారికి నారా గంటలోపే. రైళ్లు బాగున్న దేశాల్లో మకాం పద్ధతి మరింత నిక్కచ్చిగా పనిచేస్తుంది.

వాదం ఇక్కడికి వచ్చేసరికి మేనమామ పూర్తిగా ఒప్పుకోలేదు, పూర్తిగా కాదనలేదు. అనురాధపురం చూడకపోవడం తనకు లోటుగానే మిగులుతుందని ఆయన స్పష్టంగా చెప్పారు. ఆ లోటు నిజమైనదే, మకాం పద్ధతి దానిని తీర్చలేదు. క్యాండీలోని ఖాళీ రోజున ఏమీ పెట్టవద్దని, అది ఖాళీగానే ఉంటే తాను వస్తానని మాత్రం అన్నారు. మేనకోడలు ఆ షరతుకు సమ్మతించి, కాగితం మీద నాలుగవ రోజుకు ఎదురుగా ఉన్న గడిని అలాగే వదిలారు.

అంతవరకు మౌనంగా విన్న వృద్ధురాలు అప్పుడు ఒక్క ప్రశ్నే అడిగారు: రోజూ తడిపిన చీర ఆరేసుకోవడానికి అక్కడ చోటుంటుందా? రోజుకో ఊరు మారే యాత్రలో ఈ ప్రశ్నకు జవాబు లేదు, ఎందుకంటే తడిచీర ఆరకముందే పెట్టె మూయవలసి వస్తుంది. వృద్ధులతో విదేశానికి వెళ్లదలచిన పాఠకులు బస కుదుర్చుకునేటప్పుడు గది ఫొటోలను చూసి ఊరుకోకుండా, ఈ మూడు ప్రశ్నలు రాసి పంపి, జవాబు వచ్చాకే డబ్బు కట్టాలి: గదికి ఎన్ని మెట్లెక్కాలి, వేడినీళ్లు ఏ వేళల్లో వస్తాయి, బట్టలు ఆరేసుకోవడానికి ఎండ తగిలే చోటుందా.